మొండోళ్ళ బండి

నేను కుట్టుమిషన్ల మెకానిక్‌ని. నరసరావుపేటలో ముప్పై ఏళ్ళుగా ఇదే పని. చప్పుడు వినగానే రోగం చెప్పగలగాలి, లేకపోతే ఈ పనిలో కూడు పుట్టదు. టకటకమంటే షటిల్ అరిగింది. గరగరమంటే ఎక్కడో దారం ముక్క ఇరుక్కుంది. కీచుమంటే నూనె లేదు. అందుకని ఎవరైనా "మా అటక మీద రోజూ ఏదో చప్పుడు" అని కళ్ళు పెద్దవి చేసుకుని చెబితే నాకు ఎలుకలు గుర్తొస్తాయి గానీ దెయ్యాలు గుర్తురావు.

దెయ్యాలనే కాదు, గాలి సోకడం, దిష్టి తగలడం, పోయినవాళ్ళు కలలోకి వచ్చి కబుర్లు చెప్పడం, ఇవేవీ నా బుర్రకు ఎక్కవు. పని నేర్చుకునే రోజుల్లో మా అమ్మ దర్గా నుంచి తెచ్చి కట్టిన తాయెత్తు విప్పి, అందులోని రాగిరేకుని ఒక మిషను స్క్రూ కింద వాషరుగా వేసినవాణ్ణి. ఆ మిషను పదేళ్ళు బాగా కుట్టింది. అది తాయెత్తు మహిమ అని మా అమ్మ, వాషరు మహిమ అని నేను చాలాకాలం వాదించుకున్నాం.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివాక నన్ను వెర్రిబాగులవాడి కింద జమకట్టకూడదని.

నాకు ఒకటే పిచ్చి. పాత బొమ్మలు. చేత్తో చేసినవి మాత్రమే. పల్లెల్లో మిషను బాగుచేయడానికి వెళ్ళినప్పుడు "అటక మీద ఉంది నాయనా, ఎక్కి నువ్వే దించు" అంటారు. అటక ఎక్కితే మిషను పక్కనే ఏదో ఒకటి కనబడుతుంది. ఉయ్యాలకు కట్టే కొయ్య చిలకలు, రంగు పోయిన లక్కపిడతలు, అరచేతిలో పట్టే నాపరాతి తిరగలి, చెవులు విరిగిన గుర్రం. చేసినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు. "ఎందుకయ్యా నీకీ చెత్త" అంటూ ఇచ్చేస్తారు. నేను మజూరీ తగ్గించుకుని, సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేస్తాను. మా ముందుగది గోడలన్నీ ఇవే. "ఇది ఇల్లా, అంగన్‌వాడీనా?" అని నా భార్య మీరాబీ పెళ్ళయిన కొత్తలో అడిగిన ప్రశ్న ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఈ పిచ్చి వల్ల నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. మా అమ్మ పెరట్లో గిన్నెలు తోముకునే జాలారులో జారిపడిన రోజు నేను అచ్చంపేటలో ఒక కొయ్య గంగిరెద్దు కోసం ఒకాయన్ని బతిమాలుతూ ఉన్నాను. ఫోను సైలెంట్‌లో పెట్టాను. చూసుకునేసరికి మీరాబీ నుంచి పద్నాలుగు కాల్స్ ఉన్నాయి.

అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆరు వారాలయ్యాక నడిపించమన్నారు. నాలుగు నెలలైనా ఆమె మంచం దిగలేదు. నేను కొనితెచ్చిన నాలుగు కాళ్ళ స్టీలు వాకర్‌ని "ఆ ఇనప కుర్చీ నా కళ్ళకు కనపడనీయొద్దు" అంటే, మీరాబీ దాన్ని పెరట్లో పెట్టి తడిబట్టలు ఆరేయడం మొదలుపెట్టింది. చివరిసారి చూసినప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. ఎముక అతికింది, ఆమెకు ఏ లోపమూ లేదు, కానీ ఇంకో నెల ఇలాగే పడుకుంటే కండ కరిగిపోయి ఇక ఎప్పటికీ లేవలేదు అని చెప్పారు.

నేను బతిమాలాను, కోప్పడ్డాను, ఏడ్చాను కూడా. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నా పుట్టుకలోనే మొండితనం ఉందని ఊరంతా అంటుంది గానీ అది ఎక్కడి నుంచి దిగిందో ఎవరూ అడగరు.

ఆ రోజుల్లోనే నకరికల్లు అవతల ఒక పల్లెకు వెళ్ళాను. వెంకాయమ్మ అని ఎనభై దాటిన ముసలామె. మిషను చిన్న రిపేరే, అరగంటలో అయిపోయింది. చేతులు కడుక్కోవడానికి గొడ్లచావిడి వైపు వెళితే మూలన కనబడింది, పిల్లలకు నడక నేర్పే మూడు చక్రాల బండి.

ఇలాంటి బండ్లు చాలా చూశాను. ఇది వేరు. మామూలు దానికన్నా జానెడున్నర ఎత్తు. ఎద్దుబండి కాడిని చెక్కి చేసింది. ఇనుము ముక్క లేదు, అన్నీ కొయ్య చీలలే. పట్టుకునే కర్ర నడిమి భాగం అరిగి సన్నబడింది. దాని నిండా చిన్న చిన్న గాట్లు. వంగి చూస్తే పంటిగాట్లు. పళ్ళు వచ్చే వయసు పిల్లలు తరతరాలుగా కొరికిన గుర్తులు.

వెంకాయమ్మ దాని కథ చెప్పింది. వాళ్ళ మామగారి కాలంలో ఆ ఊళ్ళో ఒక పిల్ల అయిదేళ్ళొచ్చినా నడవలేదట. కాళ్ళు బాగానే ఉన్నాయి, భయం. ఆ పిల్ల ఎత్తుకు సరిపోయేట్టు ఊరి వడ్రంగి ఈ బండి చేశాడు. నెలలో నడిచింది. అప్పటి నుంచి కాళ్ళుండీ నడవని పిల్లలున్న ఇళ్ళకు ఇది తిరుగుతోంది. పేరు మొండోళ్ళ బండి. దీన్ని అమ్మరు, కొనరు. ఉత్తినే ఇంట్లో ఉంచుకోరు. నడక వచ్చిన బిడ్డ తనే దీన్ని తోసుకుంటూ వెళ్ళి, తర్వాతి ఇంటి గడప ముందు వదిలి, వెనక్కి చూడకుండా నడుచుకుంటూ రావాలి. ఇప్పుడు ఊళ్ళో పిల్లలు తక్కువ, ఉన్నవాళ్ళకు ప్లాస్టిక్ బండ్లు. అందుకని ఏడెనిమిదేళ్ళుగా చావిట్లోనే ఉందని ఆమె బాధపడింది.

"మీ ఇంట్లో నడవాల్సినోళ్ళు ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నారు పెద్దమ్మా" అన్నాను.

అబద్ధం. మా ఒక్కగానొక్క కూతురు వినుకొండలో ఉంటుంది. దాని పిల్లలిద్దరూ నడవడం కాదు, ఇంటికొస్తే గోడలెక్కుతారు. అయినా నోటివెంట ఆ మాట జంకు లేకుండా వచ్చింది. ఆమె ఒక్కసారి నా మొహంలోకి చూసి "తీస్కపో" అంది. మజూరీ తీసుకోకుండా బయటపడ్డాను. దాన్ని తాడేసి నా మోటారు సైకిలుకి కట్టుకుని వస్తున్నంతసేపూ నా మనసు ముందుగదిలో మేకులు కొడుతూనే ఉంది.

దాని ఫోటోలు విజయవాడలో ఒక మేడమ్‌కి పంపాను. ఆమె పాత బొమ్మలతో ప్రదర్శన పెడుతోంది. నా దగ్గరున్నవి వచ్చి చూస్తానని ఎప్పటినుంచో అంటూ వాయిదా వేస్తోంది. ఈ ఫోటో చూడగానే ఫోను చేసింది. ఇలాంటిది ఎక్కడా చూడలేదని, వచ్చే నెల మొదటి ఆదివారం తనే వస్తానని, ప్రదర్శన మధ్యలో పెట్టి పక్కన నా పేరుతో కార్డు ఉంచుతానని చెప్పింది. యాభై ఒక్కేళ్ళ బతుకులో నా పేరు అచ్చయింది కరెంటు బిల్లు మీదే. సంతోషం పట్టలేక ఎదురింటి కోటేశ్వరమ్మక్కకు బండి కథంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

బండిని ముందుగదిలో, నా తలకన్నా ఎత్తున, రెండు ఇనుప కొక్కేలకు తగిలించాను. కట్టుడు తీగతో ప్రతి కొక్కేనికీ మూడు చుట్లు చుట్టి కటింగ్ ప్లయర్‌తో బిగించాను.

ఆ మంగళవారం మధ్యాహ్నం కరెంటు లేదు. నేను పెరటి వసారాలో అన్నం తింటున్నాను. మీరాబీ వంటింట్లో ఉంది. అమ్మ నడిమి గదిలో మంచం మీద ఉంది. వీధి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. "కిర్... కిర్..." అని చప్పుడు వినబడింది. ఇరుసు ఎండిపోయిందనుకున్నాను. ఏ మిషను ఇరుసు అని ఆలోచించాక ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

వెళ్ళి చూస్తే బండి నేల మీద ఉంది. ముందుగదికీ నడిమి గదికీ మధ్య గడప దగ్గర, మూతి లోపలి వైపు పెట్టుకుని నిలబడి ఉంది. తీగ తెగి పడిపోయిందేమోనని చూశాను. తెగలేదు. రెండు తీగలూ నా మిషను బల్ల మీద ఉన్నాయి, స్కేలుతో గీసినట్టు తిన్నగా. ప్లయర్‌తో మెలితిప్పిన తీగను ఒక్క వంకర లేకుండా సాపు చేయడం ఎంత కష్టమో పనివాళ్ళకు తెలుస్తుంది. నేను ప్రయత్నించాను. నాకు రాలేదు.

మీరాబీని అడిగితే "నాకింకేం పని లేదా?" అంది. అమ్మ నిద్రపోతోంది. ఇరుసుకు మిషను నూనె పోసి తోసి చూశాను. చప్పుడు లేదు, వెన్నలా జారింది. సరే, ఏదో జరిగింది అనుకుని మళ్ళీ పైకెత్తాను.

ఆ సమయానికి కోటేశ్వరమ్మక్క మజ్జిగ తోడు కోసం వచ్చి ఇదంతా చూసింది. నడిమి గదికి ఆవల ఉన్నది వంటిల్లు. బండి మూతి వంటింటి వైపు. వంటింట్లో మీరాబీ. ఆమె లెక్క ఆమె కట్టేసుకుంది.

మర్నాడు పొద్దున్నే చీరకొంగు కింద పచ్చి మామిడికాయలు నాలుగు, ఉప్పూకారం పొట్లం తెచ్చింది. "ఏమే మీరా, ఎన్నో నెల? నాక్కూడా చెప్పకూడదటే?" అంది. మీరాబీకి నలభై అయిదేళ్ళు. ఆ మామిడికాయలు కాసేపటికి వీధిలో ఎగిరాయి. అందులో ఒకటి నా వీపుకు తగిలింది.

తిట్టి పంపితే ఊరుకుంటుందా. "కోపం కూడా వేవిళ్ళ లక్షణమే" అని వీధంతా చెప్పింది. టీ బడ్డీ దగ్గర నన్ను చూసి మగవాళ్ళు గొంతు సవరించుకోవడం మొదలుపెట్టారు. వినుకొండ నుంచి మా అమ్మాయి ఫోను చేసి, చాలాసేపు నీళ్ళు నమిలి, "నాన్నా, నిజమేనా?" అంది. నేను "ఏంటే నిజం?" అని అరిచాను. అది ఏడ్చింది. ఆ రాత్రి నాకు మీరాబీ కూరలో ఉప్పు వేయలేదు. మరచిపోయి కాదు.

ఈసారి తీగలు కాదని, బండి చట్రానికి రెండు వైపులా క్లాంపులు పెట్టి గోడకు నాలుగు స్క్రూలు బిగించాను. శుక్రవారం జుమ్మా నమాజుకు వెళ్ళొచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది. బండి నడిమి గది మధ్యలో ఉంది. మీరాబీ తలుపు దగ్గర పైటకొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కిర్రుమని చప్పుడు విన్నదట. నూనె పోసిన ఇరుసు.

స్క్రూల కోసం వెతికాను. నేల మీద లేవు. చివరికి నా స్క్రూల డబ్బాలో దొరికాయి. ఆ డబ్బాలో సైజుకొక అర ఉంటుంది. ఏ సైజు ఏ అరలో వేయాలో నేనే ఏనాడూ పాటించలేదు. ఆ రోజు నాలుగు స్క్రూలూ వాటి అరలోనే ఉన్నాయి. అంతేకాదు, ముప్పై ఏళ్ళుగా కలగాపులగంగా ఉన్న మిగతావన్నీ కూడా ఎవరి అరల్లోకి అవి వెళ్ళి ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది అప్పుడే.

ఇల్లు వాలుగా ఉందేమో అన్న అనుమానం ఒకటి మిగిలింది. నాపరాళ్ళు పరిచిన నేల. గోళీ ఒకటి తీసి పది చోట్ల వదిలాను. పదిసార్లూ వీధి వైపే దొర్లింది. అంటే బండి అంత దూరం ఎదురెక్కి వచ్చింది.

నేను నేల మీద పాకుతూ గోళీలాడుతుంటే మంచం మీద నుంచి అమ్మ గొంతు వినబడింది.

"ఏందిరా మస్తానూ, నన్ను పసిపిల్లను చేసి ఎగతాళి చేస్తన్నావా?"

నాకు అర్థం కాలేదు. ఆమె బండి వైపు చెయ్యి చూపించింది. "మొన్న గడప దగ్గర పెట్టావు. ఇయ్యాల గది మధ్యలో పెట్టావు. రేపు మంచం మీద పెడతావా? నడవలేని ముసలిదాన్ని అని చెప్పటానికి ఇంత నాటకం ఎందుకురా?" అంది.

నేను పెట్టలేదని ఒట్టు వేసుకున్నాను. నమ్మలేదు. కొంగుతో మొహం కప్పుకుంది. తర్వాత చిన్న గొంతుతో అంది.

"నాకు నొప్పి లేదురా. భయం. కాలు కింద పెడితే మళ్ళా ఆ జాలారే కనపడిద్ది. ఎంత పిలిచినా ఎవరూ రాలా ఆ రోజు."

ఆ మాట విన్నాక నేను అక్కడ కూర్చోలేకపోయాను. పెరట్లోకి వెళ్ళి స్టీలు వాకర్ మీదున్న తడి లుంగీతో మొహం తుడుచుకున్నాను. గంగిరెద్దు బొమ్మ అప్పటికి అలమరలోనే ఉంది. దాన్ని చూడాలంటే సిగ్గేసింది.

ఆమె మనసు ఇక కష్టపెట్టకూడదని నిర్ణయించుకున్నాను. గేదెను కట్టే గొలుసు ఒకటి కొన్నాను. కొత్త తాళం కొన్నాను, దాని చెవులు రెండూ ఒకే రింగుకు వేసి నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. బండిని ముందుగది కిటికీ ఊచలకు ఆనించి, గొలుసుని చట్రం లోపలి నుంచి తిప్పి, తాళం వేశాను. ఒక్క చప్పుడుతో రోగం చెప్పేస్తానని గొప్పలు పోయే మనిషిని, ఇంత జరిగినా ఆ బండి మూతి ఎటు ఉందో పట్టించుకోలేదు. వీధంతా మీరాబీ వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

గొలుసు వేసిన నాలుగో రోజు. టౌన్లో ఒక టైలరు షాపులో పని ముగించుకుని మధ్యాహ్నం ఇంటికొస్తున్నాను. వీధి మలుపు తిరగ్గానే వినబడింది, కిర్... కిర్... ఈసారి ఆగి ఆగి వస్తోంది. రెండు కిర్రులు, తర్వాత ఏమీ లేదు, మళ్ళీ ఒకటి. మిషను కొత్తగా నేర్చుకునేవాళ్ళు తొక్కినట్టుంది. పరిగెత్తాను.

ముందుగదిలో గొలుసు ఉంది. తాళం ఉంది. బండి లేదు. నడిమి గదిలో మంచం ఉంది. అమ్మ లేదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. "అమ్మా" అని కేక వేశాను. పెరట్లో నుంచి సమాధానం వచ్చింది, నాకు కాదు.

"ఏమే మీరా, ఈ గిన్నెలు తోమింది ఎవరు? ఇట్టాగేనా తోమేది? అడుగున మసి చూడు!"

జాలారు పక్కన, నాలుగు నెలల తర్వాత, మా అమ్మ నిలబడి ఉంది. ఎత్తు నాలుగున్నర అడుగులు, నడుము వంగాక నాలుగే. ఆ జానెడున్నర ఎక్కువ ఎత్తు బండి ఆమెకు కొలత తీసి చేసినట్టు సరిపోయింది. రెండు చేతులా ఆ పంటిగాట్ల కర్ర పట్టుకుని, గిన్నెల కేసి గడ్డం చూపిస్తోంది. మీరాబీ గిన్నె చేతిలో పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. గిన్నెల గురించి తిట్లు తిని అంత సంతోషంగా ఏడ్చిన కోడలు పల్నాడులో ఇంకొకరు ఉండరు.

నేను దగ్గరికెళ్ళి పట్టుకోబోయాను. "ముట్టుకోమాక. నువ్వు పట్టుకుంటే పడతా" అంది.

బండి ఎలా వచ్చిందని అడిగితే ఆమెకు తెలిసిందల్లా ఒకటే. కళ్ళు తెరిచేసరికి అది మంచానికి ఆనుకుని ఉంది. "పట్టుకునే కర్ర నా చేతికాడికే వచ్చింది. ఏమే, నీకింత మొండితనం ఏందే అని తిట్టా. ఎంత తిట్టినా పోలా. సరే దీని సంగతి చూద్దామని లేచా" అంది.

ఆ తర్వాత రెండు వారాలు మా ఇంట్లో కిర్రు చప్పుడే. అమ్మ ముందు జాలారు దాకా, తర్వాత వంటింటి దాకా, తర్వాత వీధరుగు దాకా వెళ్ళింది. ఇంట్లో ఎవరు ఏం తప్పు చేస్తున్నారో చూడటంలో నాలుగు నెలల బాకీ తీర్చుకుంది. రెండో వారం చివరికి బండి వదిలి, గోడ మీద చెయ్యి ఆనించి నడుస్తోంది.

మేడమ్ వచ్చే ఆదివారం రానే వచ్చింది. పొద్దున్నే బండి తుడిచి, ముందుగదిలో పెట్టి, నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. అమ్మ వచ్చి బండి కర్ర పట్టుకుంది.

"యాడికమ్మా?"

"ఎదురింటికి. నాకు నడక వచ్చింది. ఇంకిది ఈ ఇంట్లో ఉండకూడదు. నువ్వు కోటేశ్వరమ్మకు చెప్తుంటే విన్నాగా ఆ కథ."

ఎదురింటి కోటేశ్వరమ్మక్క మనవరాలికి పదహారు నెలలు. నడవదు. కూర్చున్న చోటు నుంచి కూర్చునే జరుగుతుంది. దాని చెడ్డీలు వెనక అరిగిపోతుంటే మీరాబీ వారానికొకటి చొప్పున మాసికలు వేస్తోంది.

నేను బతిమాలాను. ఒక్క పూట ఆగమన్నాను. మధ్యాహ్నం మేడమ్ చూసి వెళ్ళాక నేనే దించి వస్తానన్నాను. నా పేరు కార్డు మీద వేస్తారమ్మా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు గొంతు పిల్లాడిలా వచ్చింది, దాచడం ఎందుకు. అమ్మ నా వైపు జాలిగానే చూసింది. చూసి గడప దాటింది.

మా వీధి వెడల్పు ఎనిమిది గజాలు. దాటడానికి పావుగంట పట్టింది. రెండడుగులకోసారి ఆగి ఎవరో ఒకరిని పలకరిస్తోంది. జనం అరుగుల మీదికొచ్చారు. సరిగ్గా ఆ సమయానికే మలుపు తిరిగి మేడమ్ కారు వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

అమ్మ ఆగి వాడి వైపు తిరిగింది. "ముందు నా బండి పోనీయ్ నాయనా, తర్వాత నీ బండి" అంది.

మేడమ్ కారు దిగింది. ఫోటోలో చూసిన బండి ఆమె కళ్ళముందే వీధిలో నడుస్తోంది. పరుగున వచ్చి, దీన్ని జాగ్రత్తగా చూసుకుంటాం, అద్దాల పెట్టెలో పెడతాం, మాకివ్వండి అని అడిగింది.

"మీ ఇంట్లో నడవాల్సినోళ్ళు ఉన్నారా?" అంది మా అమ్మ.

"లేరండీ."

"అయితే నీకెందుకమ్మా?"

నడవాల్సినోళ్ళు ఉన్నారా అని మేడమ్‌ని అడిగినా చురుక్కుమన్నది నాకే. చావిట్లో వెంకాయమ్మ నన్ను అడిగింది అదే. నేను చెప్పింది అబద్ధం అనుకున్నాను. అబద్ధం కాదని ఆ నడివీధిలో, ఇస్త్రీ చొక్కా చెమటకు తడుస్తుండగా తెలిసింది. మా ఇంట్లో నడవాల్సిన మనిషి ఉంది. నాకు గుర్తులేదంతే.

అమ్మ బండిని కోటేశ్వరమ్మక్క గడప ముందు వదిలింది. వెనక్కి చూడకుండా ఒక్కతే నడిచి వచ్చింది. కోటేశ్వరమ్మక్క బండిని చూసి గుండెల మీద చెయ్యి వేసుకుని, "మా ఇంట్లో ఎవరికి నెల తప్పింది?" అని ఇంట్లో వాళ్ళందరినీ వరసగా చూసింది. మీరాబీ వంటింట్లోకి వెళ్ళి నాలుగు మామిడికాయలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

మేడమ్ మంచిది. మిగతా బొమ్మలు చూసి, నాపరాతి తిరగలిని, కొయ్య చిలకల్ని తీసుకుంది. కార్డు మీద నా పేరు పడింది. గంగిరెద్దుని మాత్రం నేను ఇవ్వలేదు. ఎవరి దగ్గర తెచ్చానో ఆయనకే తిరిగి ఇచ్చి వచ్చాను.

ఈ మధ్య నకరికల్లు వైపు వెళ్ళినప్పుడు వెంకాయమ్మను కలిశాను.

"పిల్ల నడిచిందా?" అంది.

"నడిచింది పెద్దమ్మా."

"ఎంత వయసు?"

"డెబ్బై నాలుగు."

ఆమె ఆశ్చర్యపోలేదు. "చానా మొండిదై ఉంటది" అని మిషనులో దారం ఎక్కించుకుంది.

ఇక నాకు తెలియని సంగతి. ఆ గొలుసు ఇప్పటికీ మా కిటికీ ఊచలకు ఉంది. తాళం వేసే ఉంది, నేను విప్పలేదు. గొలుసు తెగలేదు, ఊచ వంగలేదు. తాళం చెవులు రెండూ నా జేబులోనే ఉన్నాయి. ఎదురింటికెళ్ళి బండి చట్రాన్ని భూతద్దంతో చూశాను. చీలలు కదిలిన గుర్తు లేదు, సందుల్లో ఎన్నేళ్ళ నాటిదో దుమ్ము అలాగే పేరుకుని ఉంది. మూసి ఉన్న గొలుసులోంచి మూసి ఉన్న చట్రం బయటికి రావడం కుదరదు. ఏ మెకానిక్‌నైనా అడగండి, కుదరదనే చెబుతాడు. నేనూ అదే చెబుతాను. కానీ వచ్చింది.

ఒక్క అనుమానం నన్ను చాలాకాలం పీడించింది. మా అమ్మే ఎవరూ చూడకుండా లేచి, తీగలు విప్పి, స్క్రూలు ఊడదీసి, ఏదో ఒకటి చేసి ఉంటుందా అని. మొన్న ధైర్యం చేసి అడిగేశాను. ఆమె అప్పుడు మంచం మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. నన్ను ఎగాదిగా చూసింది.

"నేనే లేచి దించగలిగితే, ఇంక నాకు ఆ బండెందుకురా?" అంది.

ఆకు నోట్లో పెట్టుకుని, గోడను కూడా పట్టుకోకుండా, జాలారు వైపు నడిచి వెళ్ళిపోయింది.